కాలువ గట్టు మీద సగం మనిషి

పరాయి దేశపు ఎడారి ఊరు చాండ్లర్‌లో, రత్నరాజు ఉండే వీధి ఇళ్ళ వెనకగా పోయే కాలువ గట్టు పగలంతా మంచిదే. పొద్దున కుక్కల్ని తిప్పేవాళ్ళు, సాయంత్రం సైకిళ్ళ వాళ్ళు. కానీ ఆ పాత తూము ఉందే... చీకటి పడ్డాక ఆ ఛాయలకు ఎవరూ పోరు.

ఎప్పుడో ఒకావిడ అక్కడ నీళ్ళలో పడి పోయిందని పక్కింటి మెక్సికన్ పెద్దావిడ చెప్పేది. అది పాత మాట. 2009 వేసవిలో కొత్త మాట పుట్టింది. తెల్లవారుజామున తూము దగ్గర తెల్లగా ఒకటి కనిపిస్తోందట. మనిషే... కానీ నడుము పైభాగమే ఉంటుందట. కాళ్ళుండవట. నేల మీద జరుగుతూ పోతుందట. పిలిస్తే పలకదు. వెనక్కి తిరిగి చూడదు.

"సగం మనిషండీ బాబూ!" అన్నాడు కోటేశ్వరరావు. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు, రత్నరాజుకి మూడిళ్ళ అవతల ఉంటాడు. "నైట్ షిఫ్ట్ నుంచి వస్తూ బ్రిడ్జి మీంచి చూశాను. లైట్లు మీద పడ్డా తల తిప్పలేదు. ఇంటికి ఎలా డ్రైవ్ చేశానో ఆ దేవుడికే తెలుసు."

"మీరు నిద్రలో డ్రైవ్ చేస్తారు. భయపడాల్సింది అది," అని నవ్వాడు రత్నరాజు.

నవ్వాడే గానీ, అవి నవ్వే రోజులు కావు. రత్నరాజుకి లివర్ జబ్బు ఇరవై ఏళ్ళ నాటిది. హెపటైటిస్ బి. రోజుకో మాత్రతో ఆ వైరస్‌ని నిద్రపుచ్చి బతుకుతున్నాడు. ఆ మార్చిలో మెడ పక్కన గడ్డ లేచింది. లింఫోమా, గ్రంథుల కేన్సర్ అన్నారు. ఆరు డోసుల కీమో. మందు గట్టిది, మీ లివర్ మోసినంత వరకే ఎక్కిస్తాం అన్నాడు డాక్టర్.

రెండు డోసులకు గడ్డ సగం కరిగింది. అక్కడ ఆగింది బండి. రక్తపరీక్షలో లివర్ నంబర్లు ఒక్కసారిగా పైకి లేచాయి. మూడో డోసు రెండుసార్లు వాయిదా పడింది. గడ్డ మళ్ళీ వేళ్ళకు తగులుతోంది.

"వైరస్ లేవలేదు, నిద్రలోనే ఉంది," అన్నాడు డాక్టర్. "మరి మీ లివర్‌ని కొడుతున్నది ఎవరు? నాటు మందులు, ఆకులు, పొడులు... ఏమైనా వాడుతున్నారా?"

"దేవుడి తోడు, ఏమీ లేవు." రత్నరాజు తనకు తెలిసిన నిజమే చెప్పాడు. గురువారం మళ్ళీ రక్తపరీక్ష. ఈసారీ నంబర్లు దిగకపోతే ఆ కీమో మానేయాల్సిందే. దాని బదులు ఇచ్చేది అంతగా పనిచేయదని డాక్టర్ దాచకుండా చెప్పేశాడు.

భార్య జోసఫిన్ నర్సు. రాత్రంతా ఆసుపత్రి డ్యూటీ. ఇంట్లో రాత్రిళ్ళు అతనూ, అక్క జ్ఞానమ్మా, ఇద్దరే. అమ్మ పోయాక రత్నరాజుని పెంచింది ఈ అక్కే. తమ్ముడికి బాగాలేదని తెలిసి, వీసా చేతికందగానే రేపల్లె దగ్గరి పల్లె నుంచి వచ్చేసింది. మోకాళ్ళు అరిగిపోయి కర్ర లేనిదే గడప దాటదు. అయినా పొద్దున్నే లేచి, కరివేపాకు మజ్జిగంటూ నూరి కలిపి గ్లాసు చేతికిచ్చేది. కీమోతో నోరంతా చేదు. ఏది తాగినా అతనికి ఒకటే.

సోమవారం తెల్లవారుజామున ఒళ్ళంతా దురద. చెడిన లివర్ పెట్టే దురద అది, గోకితే పోదు. పగలైతే ఎండ నిప్పులు చెరుగుతుందని అప్పుడే లేచి గట్టు మీదికి నడిచాడు.

తూముకి నలభై అడుగుల దూరంలో కాళ్ళు ఆగిపోయాయి.

తెల్లగా... నేల మీద... నడుము పైకే ఉంది. ఒక చెయ్యి ముందుకు చాపింది. జరిగింది. మళ్ళీ చాపింది. మళ్ళీ జరిగింది. చప్పుడు లేదు.

"ఎవరది?"

కదలిక ఆగింది... పలకలేదు. తల తిప్పలేదు.

ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాక అసలు భయం పట్టుకుంది. అది దెయ్యం భయం కాదు. జోసఫిన్ నెల కిందే హెచ్చరించింది. "లివర్ బాగా పాడైతే విషం తలకెక్కుతుందండీ. లెక్కలు తప్పుతాయి, లేనివి కనిపిస్తాయి. అలాంటిదేమైనా ఉంటే నా దగ్గర దాచకండి."

కోటేశ్వరరావు చెప్పిందాన్నే తన కన్ను అల్లుకుందా? మంచం మీద కూర్చుని పదమూడో ఎక్కం చదువుకున్నాడు. పదమూడు ఇంటూ ఏడు దగ్గర ఆగిపోయాడు. చిన్నప్పుడూ అక్కడే ఆగేవాడు గానీ, ఆ సంగతి ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు.

జోసఫిన్‌కి చెప్పలేదు. చెబితే గురువారం దాకా కూడా ఆగరు, మందు అక్కడితో ఆపేస్తారు. దెయ్యం ఎదురుపడకూడదని ప్రార్థన చేసేవాళ్ళు లోకమంతా ఉంటారు. అది నిజంగా ఉండాలని మోకరించినవాడు మాత్రం రత్నరాజు ఒక్కడే. అది ఉంటే తన తల బాగున్నట్టు. అది లేకపోతే...

ముట్టుకుంటే తెలిసిపోతుంది.

బుధవారం రాత్రి కన్ను మూయలేదు. మూడున్నరకి టార్చి పట్టుకుని, వెలిగించకుండా, కోటేశ్వరరావు ఇంటి వైపు నుంచి చుట్టూ తిరిగి గట్టెక్కాడు. చెమట పడుతోంది.

ఉంది... అక్కడే ఉంది.

తూము నుంచి కారే నీళ్ళకి అక్కడ నేల బురదబురదగా ఉంటుంది. ఆ బురదలో తెల్లటి సగం మనిషి దేకుతోంది. ముప్పై అడుగులు... ఇరవై... పది. టార్చి వెలిగించాడు. ముందు చేతులు కనిపించాయి. మణికట్టు దాకా నలుపు. కాలిన చేతుల్లా ఉన్నాయి.

"యేసు నామంలో అడుగుతున్నా... ఎవరు నువ్వు?"

పలకలేదు. తెల్లటి ముసుగు కింద భుజాలు మాత్రం వణికాయి.

"నన్ను తీసుకుపోవడానికి వచ్చావా?" గుసగుసగా అన్నాడు. "పోనీ అదైనా చెప్పు. ఒక్క మాట మాట్లాడు. నువ్వు నిజమేనని... నాకు పిచ్చి పట్టలేదని... ఒక్క మాట!"

దానికి జాలి లేదు. వెనక్కి చూడకుండా తూము గోడ వైపు దేకింది. రత్నరాజు ఒక్క ఉదుటున వంగి చెయ్యి వేశాడు.

తడి గుడ్డ... గుడ్డ కింద వెచ్చటి భుజం.

టార్చి జారి కాలువలో పడింది. వెనక్కి తుళ్ళి, కాలు జారి బురదలో వెల్లకిలా పడ్డాడు. మళ్ళీ ఊపిరి అంది తలెత్తేసరికి ఎంతసేపైందో తెలియదు. గట్టు మీద ఎవరూ లేరు.

ఉంది! నిజంగా ఉంది! భయమూ సంతోషమూ కలిసి అతన్ని ఇంటికి ఈడ్చుకొచ్చాయి. పెరటి గేటు తీసి ఉంది. వంటింట్లో దీపం. గర్ర్... గర్ర్... కల్వం తిరుగుతున్న చప్పుడు. అక్క లేచి ఉందనుకుని చిన్నపిల్లాడిలా లోపలికి పరిగెత్తాడు.

"అక్కా! చూశానక్కా! ముట్టుకున్నాను! నా తలకేం కాలేదు!"

జ్ఞానమ్మ అటు తిరిగి నూరుతోంది. పలకలేదు.

"అక్కా?"

తల తిప్పలేదు. గర్ర్... గర్ర్.

రత్నరాజు కళ్ళు మెల్లగా కిందికి దిగాయి. అక్క తెల్లచీర నడుము దాకా తడిసి ఉంది. అంచుల నుంచి బురద నీళ్ళు నేల మీద చుక్కలుగా పడుతున్నాయి.

జ్ఞానమ్మ నూరడం ఆపింది. ముద్దని గుడ్డలో వేసి పిండింది. మజ్జిగలో కలిపింది. అప్పుడు ఇటు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. గ్లాసు పట్టుకున్న చేతులు మణికట్టు దాకా నలుపు.

గ్లాసు తమ్ముడి చేతిలో పెట్టి, "తాగరా," అంది. "ఇక మాట్లాడొచ్చు."

నెల్రోజులుగా ఆ గోళ్ళు నల్లగానే ఉన్నాయి. అడిగితే అరటికాయలు తరిగానంది. ఆ ఇంట్లో అరటికాయ కూర వండి ఎన్నాళ్ళైందో అప్పుడు గుర్తొచ్చింది రత్నరాజుకి.

"నాయన కామెర్లకిచ్చే పసరేరా ఇది, చేతికంటితే నలుపు పోదు. ఆ మొక్క ఈ ఎడారిలో నా కంట పడిందంటే దేవుడు చూపించినట్టే గదా! కోసిన కాడ్నుంచి రోగి చేతికిచ్చేదాకా నోరు విప్పగూడదు, ఎనక్కి చూడగూడదు. పేరు బయటపెడితే మందు విరిగిపోద్ది. నాకా, వంగితే మోకాళ్ళు లెగవవు. అందుకని దేక్కుంటా కోసుకొస్తన్నా." తడి కొంగు పిండుకుంది. "ఇందాక నువ్వట్టా బతిమాలతంటే... నాలిక కొరుక్కుని ఊరుకున్నాన్రా."

రత్నరాజు గ్లాసు నోటి దాకా తెచ్చాడు. తాగలేదు. "ఎప్పట్నుంచి అక్కా?"

"నేనొచ్చిన మూడో రోజు నుంచి."

అంటే రెండో డోసు అయిన వారం నుంచి. నంబర్లు లేచింది కూడా అప్పట్నుంచే. గ్లాసుని వంటగట్టు మీద పెట్టేశాడు. జ్ఞానమ్మ గ్లాసు వైపు చూసింది. తమ్ముడి మెడ మీద గడ్డ వైపు చూసింది. చదువు లేని మనిషే గానీ తెలివి తక్కువ మనిషి కాదు.

"నీ లివర్ని ఎవరో కొడతన్నారన్నాడే డాక్టరు... నేనేనంట్రా?"

గరాజ్ తలుపు లేచిన చప్పుడైంది. జోసఫిన్ వచ్చింది. తడి చీర, నల్లటి చేతులు, ఆకుపచ్చ మజ్జిగ, మూడూ చూసింది. నర్సుకి వేరే చెప్పక్కర్లేదు. కోపం ముంచుకొచ్చింది. కానీ వదినగారి మొహం చూసి దాన్ని మింగేసింది. మిగిలిన ఆకుల్ని ఒక ప్లాస్టిక్ సంచిలో వేసింది.

గురువారం రక్తపరీక్షకి ముగ్గురూ వెళ్ళారు. పది గంటలకి డాక్టర్ ఆ సంచిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పేరు తెలిస్తేనే వెతకగలను. ఏమిటిది?"

జోసఫిన్‌కి తెలియదు. రత్నరాజుకీ తెలియదు. తండ్రి చనిపోతూ, పసరు నూరిపెట్టిన కూతురికి తప్ప కొడుక్కి కూడా చెప్పని పేరు అది. బయట చెప్పిన రోజున ఆ పసరు ఆ ఇంటి చేతిలో ఇక పనిచేయదని వాళ్ళ నమ్మకం.

జ్ఞానమ్మ కొంగులోంచి నల్లటి చెయ్యి బయటికి తీసింది.

"గుంటగలగర," అంది స్పష్టంగా. "రాసుకోమనమ్మా జోసఫినూ. నేను పోసింది నేనే చెబుతన్నానని చెప్పు. కొడతంది నేనేనా అని కూడా అడుగు."

జోసఫిన్ అక్షరాలు చెబితే డాక్టర్ కంప్యూటర్లో చాలాసేపు వెతికాడు. "ఖాయంగా చెప్పలేను. ఆకు కావచ్చు. గట్టు మీద చల్లే కలుపు మందు కావచ్చు. ఏదీ కాకపోవచ్చు. ఇవాళా నంబర్లు దిగలేదు, అయినా కీమో ఇప్పుడే మానేయను. ఆ పసరు ఆపండి. ఇంకో పది రోజులు ఆగి చూస్తాను."

ఆ పది రోజులు జ్ఞానమ్మ సరిగ్గా తిండి తినలేదు. పదకొండో రోజు నంబర్లు సగానికి దిగాయి. ఆ తర్వాతి వారం మూడో డోసుకి పిలుపు వచ్చింది.

సగం మనిషి మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. తన కారు బంపర్‌కి కట్టిన నిమ్మకాయల మహిమేనని కోటేశ్వరరావు ఇప్పటికీ చెబుతాడు. రత్నరాజు అతని మాట కాదనలేదు.

మందు ఎక్కుతున్నంతసేపూ జ్ఞానమ్మ పక్క కుర్చీలోనే కూర్చుంది, చేతులు కొంగులో దాచుకుని. గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా పోలేదు. రత్నరాజు సూది లేని చేత్తో అక్క చెయ్యి బయటికి లాగి పట్టుకున్నాడు.