నలభై అంకణాలు

ఫ్లోరా పరిగెత్తుతోంది.

ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. రెండోది తనే విసిరేసింది. సరుగుడు తోటలో ఇసుక పాదాలను లోపలికి లాగేస్తోంది.

పొద్దు గూకింది. చెట్ల మధ్య ఇంకా కాస్త వెలుతురుంది... అదే భయం. వెనక వచ్చేవాళ్లకు ఆమె కనిపిస్తుంది!

"సిస్టర్... ఆగండి. కూర్చోని మాట్లాడుకుందాం."

జీవానందం గొంతు. స్థలాల బ్రోకర్. నెల రోజులుగా ఎంతో మర్యాదగా కొబ్బరినీళ్లు తాగించిన మనిషి.

ఆమె ఆగలేదు. వెనక అతను ఫోన్‌లో ఎవరికో ఏదో అరుస్తున్నాడు.

ఫోన్‌లో ఐదు శాతం చార్జింగ్. ఆమె నెట్‌వర్క్‌కు ఇక్కడ సిగ్నల్ సున్నా.

ఫ్లోరా నెల్లూరులో నర్సు. పన్నెండేళ్లుగా అద్దె గది. సముద్రం పక్కన ఒక చిన్న ఇల్లు కట్టుకోవాలి, అంతే కోరిక. మైపాడు దాటాక, బస్సు కూడా రాని ఈ పల్లెలో నలభై అంకణాల స్థలం నచ్చింది. అమ్మేది మాలకొండమ్మ అనే ముసలామె. రేపు పొద్దున రిజిస్ట్రేషన్.

చివరిసారి చూసుకుందామని ఈ సాయంత్రం ఒక్కతే వచ్చింది.

రొయ్యల గుంటల పక్కన మోటారు షెడ్డు. తాళం వేసిన తలుపు. లోపల మూలుగు...

సందులోంచి చూసింది. మోటారుకు కట్టేసిన ఒక ముసలామె. ఫ్లోరా ఎప్పుడూ చూడని ముసలామె.

"ఎవరమ్మా నువ్వు?"

"మాలకొండమ్మని. ఈ నేల నాది తల్లీ."

మరి నెల రోజులుగా తను మాట్లాడిన మాలకొండమ్మ ఎవరు?

ముసలామె నుదుటి మీద చల్లటి చెమట. చేతులు వణుకుతున్నాయి. మాట ముద్దగా వస్తోంది.

"షుగర్ ఉందా అమ్మా?"

"ఉండాది. పొద్దున్నుంచి ఏం తినలా."

షుగర్ పడిపోతోంది. గంట... మహా అయితే గంట!

బ్యాగులో ఉన్న ఒక్క చాక్లెట్‌ను సందులోంచి విసిరింది. అది ముసలామెకు రెండడుగుల దూరంలో పడింది. కట్టేసిన చేతులకు అందలేదు.

ముసలామె కొడుకు నంబరు చెప్పింది. నాలుగు రోజుల కింద సముద్రం మీదికి వేటకు పోయినవాడు. ఫ్లోరా దాన్ని 'పెంచల్' అని సేవ్ చేసి, షెడ్డు వీడియో తీసి పంపింది. అది వెళ్లలేదు. అప్పుడే వెనక జీవానందం బైకు ఆగింది...

తోట అయిపోయింది.

ఎదురుగా ఉప్పుకాలువ. అవతలి ఒడ్డున పల్లె దీపాలు. ఇవతల ఒక పడవ. పడవలో ఒక మనిషి.

"ఏంది అక్కా? ఏమైంది?"

"మాలకొండమ్మ... షెడ్డులో... కట్టేశారు..."

"మా అమ్మా?" అతను లేచి నిలబడ్డాడు. "నేను పెంచల్‌ని. ఇందాకే వేట నుంచి వచ్చినా. అమ్మ ఇంట్లో లేదు. వెతకతా ఉండా. ఎక్కండి అక్కా, పల్లెలో పదిమందిని తీసుకోని పోదాం."

ఫ్లోరాకు ఏడుపొచ్చింది. ఎక్కేసింది.

వెనక అరుపులు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో ఆలోచించే తీరిక లేదు.

పడవ కదిలింది. అతను గెడ వేస్తున్నాడు.

"వీడియో తీసినారా? ఫోన్ ఇటీండి."

ఇచ్చేసింది.

"భయపడబాకండి. ఇంతకీ ఆ జీవానందం ఎంత స్థలమన్నాడు?"

"నలభై అంకణాలు."

"పద్నాలుగు వందల నలభై అడుగులు. చిన్నింటికి బాగా సరిపోతుంది."

ఫ్లోరా తలెత్తి అతణ్ణి చూసింది.

మొదటిరోజు తనూ అదే లెక్క వేసింది. అంకణానికి ముప్పై ఆరు చదరపు అడుగులు. జీవానందం పకపకా నవ్వాడు.

"అది తిరుపతి అంకణం సిస్టర్. మా నెల్లూరు అంకణం డెబ్బై రెండు. ఇక్కడ పుట్టినోణ్ణి నిద్రలో లేపి అడిగినా చెప్తాడు."

నలభై అంకణాలంటే రెండు వేల ఎనిమిది వందల ఎనభై. తను టేపు పట్టి కొలిచింది కూడా.

ఇంకో మాట గుర్తొచ్చింది. నిన్న జీవానందం నవ్వుతూ అన్నమాట. "మా తిరుపతి పార్టనర్ కూడా దిగినాడు సిస్టర్."

నడి కాలువలో గెడ ఆగింది.

అతని చేతిలో ఫోన్ టింగుమంది. సిగ్నల్! వీడియో వెళ్లిపోయింది!

ఆ వెంటనే మోగింది. తెర మీద పేరు...

పెంచల్.

ఇద్దరూ చూశారు.

అతను నవ్వాడు. నడుము దగ్గర్నుంచి పిస్తోలు తీసి ఆమె డొక్కకు ఆనించాడు.

"స్పీకర్‌లో మాట్లాడు. వాళ్లమ్మని ఆటోలో నెల్లూరు ఆసుపత్రికి పంపించేశానని చెప్పు. అట్నే అక్కడికే పొమ్మను."

పల్లె అంతా షెడ్డుకు రాకూడదు. అదీ వాడి ఎత్తు. పెంచల్ నెల్లూరు పోయి వచ్చేసరికి ముసలామె...

"హలో... ఎవురు మీరు? మా అమ్మకేమైంది?" గొంతు వెనక పడవ ఇంజను. పడ పడ పడ పడ.

"నా పేరు ఫ్లోరా, తమ్ముడూ. మీ స్థలం కొంటున్నాను. అమ్మను ఆటోలో నెల్లూరు ఆసుపత్రికి పంపించాను. షెడ్డులో ఎవరూ లేరు. నువ్వు అక్కడికే వెళ్లు."

చాలు, పెట్టెయ్ అన్నట్టు పిస్తోలు కదిలింది.

"ఒక్క మాట తమ్ముడూ. స్థలం కొలిచిన సారు నా పక్కనే ఉన్నారు. నలభై అంకణాలు. సరిగ్గా పద్నాలుగు వందల నలభై అడుగులు."

ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంది... మళ్లీ సడలింది. వాడి లెక్కలో అందులో తప్పేమీ లేదు.

అటు ఇంజను చప్పుడొక్కటే.

"సరేక్కా," అన్నాడు పెంచల్ చివరికి. "సారు బాగా కొలిచినాడు. నేను ఆసుపత్రికే పోతా ఉండా."

కట్.

నమ్మేశాడా?

వాడు ఫోన్‌ను నీళ్లలోకి విసిరేశాడు.

"ఈత వచ్చా సిస్టర్?"

"రాదు."

"అయితే తూటా మిగిలింది."

తోసేశాడు!

ఉప్పునీళ్లు నోట్లోకి, ముక్కులోకి... చేయి పడవ అంచుకు తగిలింది. పట్టుకుంది. బూటు కాలు ఆమె వేళ్ల మీద పడింది. ఒక వేలు విడిపోయింది. ఇంకొకటి...

పడ పడ పడ పడ.

ఫోన్ మునిగిపోయింది కదా. మరి ఆ చప్పుడు ఎక్కడిది?

లైటు లేని పెద్ద పడవ ఒకటి మలుపు తిరిగి వాళ్ల మీదికే వస్తోంది.

"ఎవడ్రా అది?" వాడు పిస్తోలు ఎత్తాడు.

పడవ పడవను గుద్దింది. పిస్తోలు ఆకాశంలోకి పేలింది!

వాడు నీళ్లలో పడ్డాడు. తేలేలోపే వల వాడి మీద విచ్చుకుంది. ఎవరిదో చేయి ఫ్లోరా జబ్బ పట్టి పైకి లాగింది.

"పెంచల్‌ని అక్కా. వేట నుంచి మేం ఈ కాలువలోంచే ఇంటికొస్తాం. ఆ సారుకు అదీ తెలీదు, అంకణమూ తెలీదు."

"అమ్మ..." ఫ్లోరా దగ్గుతోంది. "షుగర్... నేల మీద చాక్లెట్ ఉంది... నోట్లో పెట్టమను..."

"మలుపు అవతల గట్టు మీదే గదా షెడ్డు, ఇద్దర్ని ఆడ దించే వచ్చినా." పెంచల్ ఫోన్ నొక్కాడు. "రేయ్, చాక్లెట్ పడుంటది చూడు. ముందు అది పెట్టు అమ్మకి."

ఇంజను ఆపేశారు. వలలో వాడు కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఒక నిమిషం... రెండు...

ఫోన్‌లో ఎవరో ఏదో అన్నారు. తర్వాత, సన్నగా, ముద్దగా ఒక ముసలి గొంతు.

"పెంచలా... ఆ పిల్లకి ఆ నేల నేనే ఇస్తానని చెప్పు. నెల్లూరు అంకణమే."