నాలుగో నంబరులో ఎవరో ఉన్నారు

నమ్రత మౌస్ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

తెరంతా నల్లగా ఉంది. నిన్న తను పెట్టిన నెమలిపింఛం వాల్‌పేపర్ లేదు. కింద వరుసగా పేర్చుకున్న ఐకాన్లు లేవు. నల్లటి తెర మీద పసుపుపచ్చ అక్షరాలు, ఒక్కొక్కటి బొటనవేలంత ఉన్నాయి. మౌస్ బాణం కూడా అరచేయంత అయింది. కదిపితే తెర మీద పెద్దగా, నెమ్మదిగా జరిగింది.

ఇలా కావడం ఇది మూడోసారి.

సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర ఒక కార్ఖానా ఉంది. కింద పవర్‌లూమ్ మగ్గాల మీద తువ్వాళ్లు నేస్తారు. మేడ మీది గదిలో నేత పనివాళ్ల పిల్లలకు వేసవి సెలవుల్లో కంప్యూటర్ క్లాసు. అక్కడ ఆరు పాత కంప్యూటర్లున్నాయి. నమ్రతది నాలుగో నంబరు. ఇవాళ్టి బరువైన సాఫ్ట్‌వేర్లు వేస్తే అవి అక్కడే చతికిలబడతాయి. అందుకని శీతల్ టీచర్ వాటిలో తేలికపాటి లైనక్స్ వేసింది.

ఈ లైనక్స్ మొదట్లో బోసిగా ఉంటుంది. ప్యానెల్ ఎక్కడ ఉండాలో, అక్షరాలు ఎంత ఉండాలో, ఏ రంగు కావాలో, ఏ మీట నొక్కితే ఏది తెరుచుకోవాలో అన్నీ మనమే చెప్పాలి. నమ్రతకు అదే పిచ్చిగా నచ్చింది. పదకొండేళ్ల జీవితంలో ఇది ఇలా ఉండాలని తను చెబితే అలా ఉన్న వస్తువు ఆమెకు ఇదొక్కటే.

శనివారం అమ్మానాన్నలు వస్తారు. ఎవరి తెర వాళ్లు చూపించాలి. నమ్రత బాపు అంబాదాస్ వేరే కార్ఖానాలో మగ్గం నడుపుతాడు. జ్వరం వచ్చినా మగ్గం ఆపని మనిషి, బిడ్డ డెస్క్‌టాప్ చూడటానికి సగం పూట సెలవు అడిగాడు. కాబట్టి శనివారానికి నెమలి రంగు తెర ఉండి తీరాలి.

ఉండనిస్తేనా?

పక్కన మూడో నంబరు దగ్గర కూర్చునే సారిక కుర్చీ జరుపుకుంటూ వచ్చింది. నల్ల తెర చూసి కళ్లు ఇంత చేసింది. కంప్యూటర్ డబ్బా మీద తెల్ల పెయింటుతో రాసిన పేరు వేలితో చూపించింది. సిద్ధరాములు. చాదర్ దుప్పట్ల మీద పువ్వులకు డిజైన్లు గీసేవాడట. ఆయన పోయాక ఇంటివాళ్లు ఈ కంప్యూటర్‌ని క్లాసుకు ఇచ్చేశారు.

"ఆయన గీసిన ఆఖరి డిజైన్ ఇండ్లనే ఉండిపోయింది. రోజు వచ్చి దేవులాడుకుంటున్నడు" అంది సారిక గుసగుసగా.

సారికకు దయ్యాల కథలు ఎవరో చెప్పనక్కర్లేదు, వాటంతటవే పుట్టుకొస్తాయి.

టీచర్‌కు చెబుదామా అనుకుంది నమ్రత. చెబితే ఈ డబ్బాను పాత సామాను కొనే భంగార్‌కు పంపించేస్తుందేమో. అప్పుడు సారికతో కలిసి మూడో నంబరు మీద కూర్చోవాలి. అంతకంటే దయ్యమే నయం. నోరు మూసుకుని మళ్లీ మొదటినుంచి అన్నీ సర్దింది. అక్షరాలు చిన్నవి చేసింది, నెమలిపింఛం తెచ్చి పెట్టింది. తొమ్మిదింటికి మొదలైన క్లాసులో సగం దానికే పోయింది.

బుధవారం ఆమె అందరికంటే ముందు వచ్చింది. మెట్లెక్కుతుంటే ఏదో తేడాగా అనిపించింది. రోజూ కాళ్ల కింద మెట్లు అదురుతాయి. ఇవాళ అదరలేదు. నూలు చుట్టిన కొత్త బీములు రాలేదని కింద మగ్గాలన్నీ ఆపేశారు. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

నాలుగో నంబరు ఆన్ చేసింది. మళ్లీ నలుపు. మళ్లీ పసుపుపచ్చ.

"డెస్క్‌టాప్" అన్నారెవరో.

నమ్రత వెనక్కి తిరిగింది. గదిలో ఎవరూ లేరు. గొంతు టేబుల్ కిందనుంచి వచ్చింది. ముక్కుతో మాట్లాడినట్టుంది. మగ గొంతు కాదు, ఆడ గొంతూ కాదు. ఆమె ఒక మీట నొక్కింది. "క" అంది గొంతు. ఇంకోటి నొక్కింది. "మ" అంది. వేలు ఎత్తేస్తే ఊరుకుంది.

ఇన్నాళ్లూ ఇది మాట్లాడుతూనే ఉందన్నమాట. మగ్గాల చప్పుడులో తనకు వినపడలేదు, అంతే.

అప్పుడు కనిపించింది ఆ ఫైలు. తెర మధ్యలో ఒంటరిగా ఉంది. తను పెట్టింది కాదు. తెరవకూడదనుకుంటూనే తెరిచింది. గొంతు దాన్ని చదివింది, ఒక్కొక్క మాట విడదీసి, తాపీగా.

"నువ్వు ఎవరు. నా అక్షరాలు ఎందుకు తీస్తున్నావు. అవి నాకు కావాలి."

నమ్రత ఫైలు మూసేసింది. పరుగెత్తి వెళ్లిపోవాలనిపించింది. కానీ భయం ఎక్కువైతే ఆమెకు మొండితనం కూడా వస్తుంది. ముందురోజు టీచర్ చెప్పిన సంగతి గుర్తొచ్చింది. పేరు ముందు చుక్క ఉన్న ఫోల్డర్లు కంటికి కనిపించవు. మన సెట్టింగులన్నీ వాటిలోనే దాగి ఉంటాయి. రెండు మీటలు కలిపి నొక్కితే బయటపడతాయి. చూడండి గాని ముట్టుకోకండి అని టీచర్ మరీ మరీ చెప్పింది.

నమ్రత ఆ రెండు మీటలూ నొక్కింది. ఖాళీగా ఉన్న చోట ఫోల్డర్లు ఒకదాని కింద ఒకటి తేలాయి. ఇరవైకి పైనే ఉన్నాయి. ఇంతకాలం కనబడకుండా అన్నీ ఇక్కడే ఉన్నాయి. సిద్ధరాములు ఉండేది వీటిలోనే అనుకుంది. అన్నిటినీ కలిపి పట్టుకుని డిలీట్ నొక్కింది.

"శాశ్వతంగా తొలగించాలా" అని అడిగింది గొంతు.

అది బతిమాలుతున్నట్టు అనిపించింది ఆమెకు. అయినా అవును అని నొక్కి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. తెర బోసిగా వచ్చింది. గొంతు రాలేదు.

గురువారం కూడా రాలేదు. నలుపు లేదు, పసుపు లేదు. కింద మగ్గాలు ఇంకా నడవడం లేదు కాబట్టి చెవులు రిక్కించి వింది. ఏమీ లేదు. గెలిచానని నమ్రతకు సంతోషంగా ఉండాలి. ఉంది కూడా, తెర అద్దం మీద ఆ మరక చూసేదాకా.

గుండ్రటి జిడ్డు మరక. ఎవరో నుదురు ఆనించి పెట్టినట్టు ఉంది. కుర్చీ టేబుల్‌కు పూర్తిగా అతుక్కుని ఉంది. దగ్గరికి వంగి చూస్తే కొబ్బరినూనె వాసన వచ్చింది. దయ్యానికి తలనూనె ఎందుకు? ఆ ప్రశ్న ఆమెకు నచ్చలేదు. చున్నీతో మరక తుడిచేసి, క్లాసయ్యేలోగా నెమలి తెర మొత్తం పూర్తి చేసింది.

ఆ సాయంత్రం బాపు పనినుంచి ఆలస్యంగా వచ్చాడు. ఎందుకంటే మగ్గం మీద తాని పోగు ఒకటి మాటిమాటికి తెగుతోందట. రాత్రి అదే మగ్గం నడిపే రాత్‌పాళీ మనిషి వచ్చేదాకా ఆగి, ఎక్కడ తెగుతోందో అతనికి చూపించి వచ్చాడట. నీ పని గంటలు అయిపోయాక వచ్చేస్తే ఏం పోయిందని అడిగింది నమ్రత.

"చెప్పకుంట వస్తె ఎట్ల బిడ్డా" అన్నాడు అంబాదాస్. "మగ్గం ఒక్కటే, మనుషులం ఇద్దరం. ఆయన మొకం నేను చూసేది పది నిమిషాలే. గని నా చెయ్యి ఏడ తప్పు పడితె ఆడ ఆయన పని ఆగుతది."

నమ్రత నోట్లో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

పొద్దున పదకొండింటికి తమ క్లాసు అయిపోతుంది. ఆ తర్వాత గదికి తాళం వేస్తారనే అనుకుంది ఇన్నాళ్లూ. తాళం వేయగా ఎప్పుడూ చూడలేదు. మధ్యాహ్నం ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? ఆ ఫైలు రాసింది ఎవరు? వాళ్లు తనను అడిగారు. తను జవాబు చెప్పకుండా అన్నీ పీకి పారేసింది.

ఆమెకు మళ్లీ భయం వేసింది. ఈసారి దయ్యం గురించి కాదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఎండ నిప్పులు చెరుగుతోంది. గల్లీలో పురుగు లేదు. కార్ఖానా మెట్ల మీద నమ్రత చెప్పుల చప్పుడు ఒక్కటే వినపడింది. గది తలుపు తెరిచే ఉంది. లోపల ఒక మూల మధ్యాహ్నం క్లాసు చెప్పే శ్రీకాంత్ సార్ కొందరు పిల్లలకు ఏదో చూపిస్తున్నాడు.

నాలుగో నంబరు ముందు ఒక అమ్మాయి కూర్చుంది. పద్నాలుగేళ్లుంటాయి. నూనె రాసి బిగించిన రెండు జడలు. ముఖం తెరకు ఆనించి ఉంది. వేళ్లు మీటల మీద పరుగెత్తుతున్నాయి. నొక్కిన ప్రతిసారీ తల పక్కకు వంచి టేబుల్ కిందున్న స్పీకర్ వైపు చెవి పెడుతోంది. అక్కడినుంచి ఏమీ వినపడటం లేదు. మళ్లీ నొక్కుతోంది, మళ్లీ చెవి పెడుతోంది.

నమ్రతకు అక్కడినుంచి మాయమైపోతే బాగుండుననిపించింది. అయినా దగ్గరికి నడిచింది.

"ఎవరు?" అంది ఆ అమ్మాయి. ముఖం నమ్రత వైపు తిప్పింది గాని కళ్లు ఆమె మీద నిలవలేదు.

"నమ్రతను. పొద్దుగాల దీని మీద నేనే కూసుంట."

"నువ్వు మనిషివేనా" అంది ఆ అమ్మాయి. "నేను దయ్యమనుకున్న. రోజు వచ్చి నా అక్షరాలు చిన్నగ చేసిపోయే దయ్యం."

"నేను నిన్ను గట్లనే అనుకున్న అక్కా" అంది నమ్రత.

ఇద్దరికీ నవ్వు రావాల్సిన మాటే. రాలేదు. ఎందుకంటే నమ్రత ఆగకుండా మిగతాదంతా చెప్పేసింది, ఫోల్డర్ల సంగతి, గొంతు తీసేసిన సంగతి. వింటున్నంతసేపూ ఆ అమ్మాయి వేళ్లు మీటల మీద కదలకుండా ఉన్నాయి.

ఆమె పేరు కోమల్. కుంభారిలోని రాయ్‌నగర్ కాలనీ నుంచి బస్సులో వస్తుంది. చిన్నప్పటినుంచి చూపు బాగా తక్కువ. నల్లటి దాని మీద పసుపుపచ్చ అక్షరాలు పెద్దగా ఉంటే, ముఖం ఆనించి చదవగలదు. కళ్లు అలసిపోతే గొంతు చదివి వినిపిస్తుంది. పొద్దుటి క్లాసు మొదలుకాకముందే, ఏ మీట దేనికో నేర్చుకుని, ఒక్కొక్కటే అమర్చుకోవడానికి ఆమెకు నెల పట్టింది. ఈమధ్య రోజూ ఎవరో చెడగొడితే రోజూ మళ్లీ చేసుకుంది. బుధవారం గొంతు కూడా పోయాక ఇక ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు కనపడలేదు. డబ్బా పాతదై చెడిపోయి ఉంటుంది, భంగార్‌కు వేసేద్దామన్నాడు సార్. ఆఖరుసారి చూద్దామని ఇవాళ వచ్చింది.

"స్కూల్ల నా పుస్తకం పక్కపిల్ల చదివి చెప్తది" అంది కోమల్. "గీడ నా అంతట నేనే చదివిన."

కోపంగా అనలేదు. కోపంగా అంటే నమ్రతకు కాస్త నయంగా ఉండేది.

శ్రీకాంత్ సార్ వచ్చి సంగతి విన్నాడు. ఒకే కంప్యూటర్‌లో ఇద్దరికీ వేర్వేరు పేర్లు పెట్టవచ్చు, అప్పుడు ఎవరి తెర వాళ్లదేనన్నాడు. అయితే దాని పాస్‌వర్డ్ శీతల్ టీచర్ దగ్గరే ఉంది. ఆమె ఇవాళ పొద్దుటి క్లాసు కాగానే ఊరెళ్లింది, రేపు వచ్చేసరికి అమ్మానాన్నలు కూడా వచ్చేస్తారు. ఆ పని సోమవారమే.

రేపు నీ తెర చూపించుకో, నాది సోమవారం చేసుకుందాం అంది కోమల్.

నమ్రత నెమలిపింఛం వైపు చూసింది. చాలా బాగుంది. బాపు దాన్ని చూసి మురిసిపోయేవాడు. ఆమె ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అక్షరాలు ఎంత పెద్దగ కావాలె అక్కా?"

కోమల్ చెబుతూ పోయింది. నమ్రత వెతికి నొక్కుతూ పోయింది. నెమలిపింఛం పోయింది, ప్యానెల్ పైకి వెళ్లింది, బాణం పెద్దదైంది. ఐదు కావస్తుండగా టేబుల్ కిందనుంచి ఎవరో ముక్కుతో "డెస్క్‌టాప్" అన్నారు. కోమల్ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది.

శనివారం గది నిండా జనం. అంబాదాస్ జుట్టులో దూది పీచుతోనే వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. సారిక తన తెర మీద మెరిసే చేపలను చూపించింది, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నాలుగో నంబరు. టీచర్ నమ్రతను పిలిచింది.

నమ్రత కోమల్‌ను చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. ఇద్దరూ ముందే అనుకున్న ప్రకారం మానిటర్ మీట తనే నొక్కి తెర ఆర్పేసింది.

జనంలో గుసగుసలు లేచాయి. కోమల్ వేళ్లు కదిలాయి. చీకటి తెర ముందు ఆ గొంతు లేచింది. "కో" అంది. "మ" అంది. "ల్" అంది. గదిలో గుసగుసలు ఆగిపోయాయి. సారిక మెల్లగా వాళ్లమ్మ వెనక్కి చేరింది. ఎవరికీ ఏమీ కనపడటం లేదు. వేళ్ల చప్పుడు, దాని వెంటే గొంతు.

"నా పేరు కోమల్. ఇది నేను రాశాను. మళ్లీ నేనే చదువుకుంటాను."

అంబాదాస్ బిడ్డ దగ్గరికి వంగాడు. "నీదేది బిడ్డా?" అని మెల్లగా అడిగాడు.

"గిదే బాపు. పొద్దుగాల నాది, మధ్యానం అక్కది."

అంబాదాస్ తలాడించాడు. అక్కడే నిలబడి కోమల్ వేళ్లనే చూస్తూ ఉండిపోయాడు.

వెనకనుంచి ఎవరో తెర వేయమన్నారు. నమ్రత చెయ్యి మానిటర్ మీట దాకా వెళ్లి ఆగింది.

"అక్కా, తెర వెయ్యాల్నా?"

"ఇంకొంచెం సేపు చీకటిగనే ఉండనీ" అంది కోమల్.

నమ్రత చెయ్యి వెనక్కి తీసుకుంది.