వెనక చక్రం కింద నిమ్మకాయ

రండమ్మా, రండి నాయనా, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఆంజనేయస్వామిని తలుచుకుని మొదలుపెడతాను. గొంతు పెంచి చెప్పే కథ కాదిది.

నాచారంలో ఒక సందు. అందులో త్రిమూర్తులు మాస్టారిల్లు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి, ఇక్కడే పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రోజూ గుళ్లో స్వామికి పదకొండు ప్రదక్షిణలు చేయనిదే కాఫీ ముట్టడు. ముచ్చటపడి ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. మెల్లగా కదిలేటప్పుడు నడిచేవాళ్లకు తెలియాలని అది సన్నగా కూత పెడుతుంది. మాస్టారికది చెవిలో జోరీగలా అనిపించింది. ఎదురింటి ఎలక్ట్రీషియన్ బసవరాజుతో దాని వైరు తీయించేశాడు.

"నువ్వు జెప్పినవని తీసిన అన్నా. మల్ల నన్ననొద్దు."

మాస్టారి భార్య సత్యవేణి నవ్వింది. "పోనీ నాలుగు మువ్వలైనా కట్టండి. పిల్లిలా వస్తోందిది."

"ఎడ్లబండి అనుకున్నావటే?"

మర్నాడు తెల్లవారకముందే కారుకు పూజ. కొబ్బరికాయ కొట్టారు. సత్యవేణి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. హారతి పళ్లెం తేవడానికి లోపలికెళ్లిందనుకుని, మాస్టారు గేట్లోంచి వెనక్కి పోనిచ్చాడు. చిట్... ఒక కాయ నలిగింది. ఆ తర్వాత ఏదో మెత్తగా అడ్డొచ్చింది. అదీ నిమ్మకాయే అనుకున్నాడు... ఇంకాస్త నొక్కాడు.

దొర్లిపోయిన కాయను సర్దడానికి సత్యవేణి వెనక వంగి ఉంది. కారు కదలడం ఆమెకు వినబడనే లేదు.

ఆరు నెలలు ఆ కారు కదల్లేదు. ఆ ఇంట్లోకి నిమ్మకాయ రాలేదు. చివరికి ఉప్పల్లో ఒకాయన కొంటానన్నాడు. పొద్దున్నే, డ్యూటీకెళ్లేలోపు చూపించమన్నాడు. ఇంకా మసకచీకటి. మాస్టారు తలుపు తీసి కూర్చున్నాడు. లోపలంతా నిమ్మకాయ వాసన... అప్పుడే కోసినట్టు. రివర్సు వేశాడు. చప్పుడు లేదు. కారు కదిలింది.

చెవి పక్కనే, మెల్లగా...

"ఏమండీ... ఆ కాయ దొర్లిపోయింది."

బ్రేకు తొక్కాడు. పడుతూ లేస్తూ దిగి వెనక్కెళ్లాడు. చక్రానికి జానెడు దూరంలో బసవరాజు మనవరాలు ప్రజ్ఞ, నాలుగేళ్ల పిల్ల, గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో నిమ్మకాయ. దాని మీద పసుపు, కుంకుమ, ఇంకా తడిగా.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా?"

"గీ కాయ చక్రం కింద పెట్టుమన్నది, తాతా."

"ఎవరు?"

పిల్ల కారు కిందికి చూపించింది. మాస్టారు నేల మీద పడుకుని చూశాడు. ఎవరూ లేరు.

"సత్యా," అన్నాడు, "బిడ్డను కాపాడావా... లేక పిలిచావా?"

బసవరాజు ఏడుస్తూ ఆ పొద్దునే వైరు కలిపాడు. కారును మాస్టారు అమ్మనే లేదు.

స్వామి చుట్టూ అన్నిసార్లు తిరిగినవాడు, ఆ రోజు కారు చుట్టూ ఒక్కసారైనా తిరగలేదు. మీరు తిరగండి నాయనా. బండి తీసే ముందు, ప్రతిసారీ, ఒక్క ప్రదక్షిణ. వెనక చక్రం దగ్గర నిమ్మకాయ వాసనొస్తే... ఎక్కకండి. ఇంకోసారి తిరగండి.