లోపలి గదికి వినపడాలి

సాహిత్యకు ఇంగ్లీషు మాటలు రాక కాదు. విడివిడిగా ఏ మాట అడిగినా ఠక్కున అర్థం చెప్పేది. ఆ మాటలు నాలుగు కలిసి ఒక వాక్యమై, వాక్యాలన్నీ కలిసి ఒక పేజీ అయ్యేసరికి మాత్రం సంతలో తల్లి చెయ్యి వదిలిన పిల్లలా దారి తప్పేది. చేవెళ్లలో ఇంటర్ తొంభై మూడు శాతంతో పాసైంది. సెంట్రల్ యూనివర్సిటీలో సీటు రావాలంటే ఎంట్రెన్స్ రాయాలి. అందులో మిగతా సబ్జెక్టులన్నీ ఒక ఎత్తు, ఇంగ్లీషు పాసేజీలు ఒక ఎత్తు. పొడుగాటి పాసేజీ, దాని కింద ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు. ఆమెకు నాలుగూ నిజంలాగే కనిపించేవి.

లక్ష్మీకుమారి మేడమ్ దొరకడం ఆమె అదృష్టం. మేడమ్‌వాళ్లది గుంటూరు వైపు. భర్త కృష్ణారావు ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి, ఇక్కడే స్థిరపడ్డారు. ఆమె కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఎంకపల్లి దాటాక ఎకరం తోట కొనుక్కుని, అందులో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ముందు హాలు, వెనక ఒక గది. సాహిత్య తండ్రి బాలమల్లు ఆ తోటకు నీళ్లు పెడతాడు. శనివారం సాయంత్రాలు మేడమ్ సిటీ నుంచి వచ్చి, రూపాయి తీసుకోకుండా సాహిత్యకు పాఠం చెప్పేవారు.

మొదట్లో ఎదురుగా కూర్చుని చెప్పారు. రెండు వారాలకే మేడమ్‌కు విషయం తెలిసిపోయింది.

"నువ్వు పాసేజీ చూడట్లేదమ్మా. నా మొహం చూసి ఆన్సర్ పెడుతున్నావు" అన్నారు నవ్వుతూ.

నిజమే. సరైన జవాబు మీద వేలు పెట్టినప్పుడు మేడమ్ కనుబొమలు కొంచెం పైకి లేచేవి.

అప్పట్నుంచి మేడమ్ లోపలి గదిలో మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చునేవారు. తలుపు ఓరగా వేసి ఉండేది. సాహిత్య హాల్లో కూర్చుని పాసేజీని గట్టిగా రెండుసార్లు చదవాలి. తర్వాత పుస్తకం మూసి, అందులో ఏముందో తన మాటల్లో చెప్పాలి. ఆ తర్వాతే ప్రశ్నలు. "లోపలి గదికి వినపడాలి" అనేవారు మేడమ్. "గొంతులో భయం పోతే సగం అర్థమైనట్టే."

మంగళవారం పరీక్ష. ఆ ముందు శనివారం బాలమల్లు, వసంతమ్మ షాబాద్‌లో చుట్టాల ఇంట్లో దినాలకు పోయారు. చెల్లెలు పింకీని ఒక్కదాన్నే ఇంట్లో వదల్లేక సాహిత్య వెంట తీసుకుపోయింది. పింకీ నాలుగో తరగతి. ఇంగ్లీషు పుస్తకంలో చిన్న వాక్యం చదవడానికి కూడా ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుంటుంది.

ఐదున్నరకు ఇద్దరూ గేటు తీశారు. పొద్దంతా మండిన ఎండ ఒక్కసారిగా తగ్గి, పడమటి నుంచి నల్లటి మబ్బు తోట మీదికి దిగింది. మామిడి కొమ్మలు విరిగేటట్టు గాలి. వాళ్లు వరండా ఎక్కేలోపే రాళ్లవాన మొదలైంది. రేకుల మీద గులకరాళ్లు కుమ్మరించినట్టు చప్పుడు.

ఇంటి తలుపు తీసే ఉంది.

"వచ్చావా? కూర్చో" అని లోపలి గదిలోంచి వినిపించింది.

"వచ్చిన మేడమ్. కరెంటు పోయింది."

"వెలుతురుంది కదా. చదువు."

కిటికీ పక్కన కుర్చీ లాక్కుని సాహిత్య పుస్తకం తెరిచింది. పింకీ వరండాలోనే ఉండి స్టీలు గ్లాసులోకి వడగళ్లు ఏరుకుంటోంది. హాల్లో ఏదో వాసన. ఏళ్లపాటు పెట్టెలో మగ్గిన కాగితాలు తడిస్తే వచ్చే వాసన. ఎక్కడో కురుస్తున్నట్టుంది అనుకుంది సాహిత్య.

ఆ రోజు పాసేజీ గుడ్లగూబ గురించి. గుడ్లగూబ చీకట్లో ఎలుకను చూసి పట్టుకోదు, విని పట్టుకుంటుంది. దాని చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. అందుకే చప్పుడు ఎటునుంచి వచ్చిందో, ఎంత దూరం నుంచి వచ్చిందో దానికి ఖచ్చితంగా తెలుస్తుంది. ఎలుక కదలకుండా ఉన్నంతసేపు బతుకుతుంది.

విచిత్రం, ఆ రోజు ఏ వాక్యమూ ఆమెకు అడ్డం పడలేదు. చదువుతుంటేనే అర్థం దానంతటది వచ్చి ఒళ్లో కూర్చున్నట్టుంది. ఆఖరి వాక్యం దాకా ఆగకుండా చదివింది. ఏడాదిగా ఎదురుచూసిన రోజు ఇదేననిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మళ్లీ" అంది లోపలి గొంతు.

మళ్లీ చదివింది.

"మళ్లీ."

మేడమ్ ఎప్పుడూ రెండుసార్లే అడుగుతారు. పరీక్ష దగ్గరపడింది కదా అనుకుని మూడోసారి మొదలుపెట్టింది. సగంలో ఉండగా గమనించింది. తను చదువుతున్న వాక్యాన్ని లోపల ఇంకెవరో కూడా సన్నగా గొణుగుతున్నారు. తనకంటే ఒక్క మాట ముందు.

వాన చప్పుడేమో.

"నీతో ఇంకెవరొచ్చారు?"

"మా చెల్లె, మేడమ్."

"చదువుతుందా?"

"దానికి రాదు మేడమ్. చిన్నది."

"పంపు."

పింకీ గుమ్మంలో నిలబడి, గ్లాసు గుండెకు ఆనించుకుని, లోపలి తలుపు వైపు చూసింది. అడుగు ముందుకు వెయ్యలేదు. "చీకటిగున్నది అక్కా" అంది.

"మేడమ్ పిలుస్తున్నది కదనే. పో. జర మర్యాదగా నిలబడు."

సాహిత్యే దాని వీపు మీద చెయ్యి వేసి మెల్లగా ముందుకు తోసింది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకుని ఏడ్చినా ఆ చెయ్యి వెనక్కి రాలేదు.

పింకీ లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి సాహిత్యకు అర్థం కాలేదు. లక్ష్మీకుమారి మేడమ్.

"సాహిత్యా, ఎంతసేపట్నుంచి చేస్తున్నానమ్మా, కలవట్లేదు. అప్పా జంక్షన్ దగ్గరే ఇరుక్కుపోయాం, చెట్టు పడిందట రోడ్డు మీద. ఇవాళ్టికి రాలేను. తాళం నా దగ్గరే ఉంది కదా, నువ్వు తడవకుండా వరండాలో ఉండి, వాన తగ్గాక ఇంటికి వెళ్లిపో..."

సాహిత్య కళ్లు లోపలి తలుపు మీదే ఉన్నాయి.

తలుపు వెనక పింకీ చదవడం మొదలుపెట్టింది.

ఇంగ్లీషు. వేలు పెట్టి కూడబలుక్కునే ఇంగ్లీషు కాదు... తడబాటు లేకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, పెద్దవాళ్లు చదివినట్టు. గొంతు మాత్రం పింకీదే. ఆ పాసేజీ ఇటు సాహిత్య ఒళ్లో తెరిచి ఉన్న పుస్తకంలో లేదు.

ఫోన్‌లో మేడమ్ తన మాట ఆపి విన్నారు.

"ఎవరమ్మా ఆ చదివేది? ఎంత బాగా చదువుతోంది!"

లైను తెగిపోయింది.

సాహిత్య లేచింది. తలుపు దాకా నాలుగడుగులు. వాసన గొంతులోకి దిగుతోంది.

"పింకీ..." గుసగుసగా పిలిచింది. "పింకీ, దా... ఇంటికి పోదాం."

చదువు ఆగలేదు.

"మధ్యలో పిలవకు" అంది లోపలి గొంతు. ఇప్పుడది మేడమ్ గొంతులా లేదు. ఎవరి గొంతులానూ లేదు.

తలుపు తోసింది. గడియ పడలేదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ తలుపుకు గడియ ఊడిపోయి రెండు నెలలైంది, బిగించాలి బిగించాలి అని బాలమల్లు అంటూనే ఉన్నాడు. అయినా తలుపు కదల్లేదు. భుజం పెట్టి తోసింది. అవతల బరువు. గట్టిగా లేదు... మెత్తగా ఉంది. అరంగుళం లోపలికి పోయి, మళ్లీ అంతే మెల్లగా వెనక్కి వచ్చింది. బస్సులో జనం కిక్కిరిసి తలుపుకు ఒరిగి నిలబడితే ఎట్లా ఉంటుందో, అట్లా.

బయటికి పరుగెత్తింది. వడగళ్లు తల మీద, భుజాల మీద కొడుతున్నాయి. ఇల్లు చుట్టి వెనక కిటికీ దగ్గరికి పోయి, ఊచలు పట్టుకుని లోపలికి చూసింది. చీకటి. ఆ చీకట్లో పింకీ చేతిలోని గ్లాసు ఒక్కటే తళుక్కుమంటోంది. గ్లాసు వణకడం లేదు. పిల్ల నిలకడగా నిలబడి చదువుతోంది. దాని చుట్టూ పేజీలు తిరుగుతున్న చప్పుడు. ఒక పేజీ కాదు. చాలా పేజీలు... ఒక్కసారే.

"పింకీ!"

గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు మీద నరమానవుడు లేడు. మొయినాబాద్ వైపు ఒక్క ఆటో లైటు కూడా లేదు. ఊళ్లోకి పోయి ఎవరినైనా పిలుచుకురావాలంటే ఇరవై నిమిషాలు. అంతసేపు దాన్ని అక్కడ వదిలి పోవాలి. పోలేదు. ఉండీ చేసేదేమీ లేదు. గేటుకూ ఇంటికీ మధ్య వానలో నిలబడి అటొక అడుగు, ఇటొక అడుగు వేసింది. ఆఖరికి మళ్లీ తలుపు దగ్గరికే వచ్చి, నేల మీద కూలబడి, చెక్కకు నుదురు ఆనించింది.

"నేను చదువుత. ఎన్నిసార్లన్న చదువుత. దాన్ని పంపుండ్రి... మీకు దండం పెడ్త."

చదువు ముగిసింది. లోపల ఎవరో మెల్లగా ఏదో అడిగారు. పింకీ ఏదో చెప్పింది. ఇంకోటి అడిగారు. చెప్పింది. చెవి ఆనించి విన్నా సాహిత్యకు ఒక్క మాట అందలేదు.

అప్పుడు కరెంటు వచ్చింది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

పింకీ బయటికి వచ్చింది. "అక్కా, ఎందుకు తడిసినవ్?" అంది. వెనక గదిలో మేడమ్ మంచం, మడతపెట్టిన దుప్పటి, మూసి ఉన్న బీరువా. నేల పొడిగా ఉంది. పిల్లను చంకనేసుకుని సాహిత్య ఊరిదాకా ఆగకుండా పరుగెత్తింది.

రాత్రి తల్లిదండ్రులు వచ్చాక అంతా చెప్పింది. బాలమల్లు టార్చి తీసుకుని తోటకు పోయి వచ్చాడు.

"తాళం ఏసే ఉన్నది బిడ్డా" అన్నాడు. "మీరు వరండాలనే కూసున్నరేమో. పరీక్ష ఫికర్ల ఏదేదో అనిపిస్తది."

"నేనబద్ధం చెప్తున్ననా బాపూ? దాన్నడుగు."

అడిగారు. పింకీ తల అడ్డంగా ఊపింది. "వడగండ్లు ఏరుకున్న. గంతే."

వసంతమ్మ మాత్రం ఉప్పు, మిరపకాయలు ఇద్దరికీ దిగదుడిచి పొయ్యిలో వేసింది. తెల్లారి పింకీ చేతికి తాయెత్తు కట్టించింది. సాహిత్య మేడమ్‌కు ఫోన్ చేసింది. మేడమ్ అంతా విన్నారు. చివరికి, "నాక్కూడా వినిపించిందమ్మా. నేను విన్నాను" అని మాత్రం అన్నారు. తర్వాత ఆమె ఫోన్ ఎత్తలేదు.

ఆదివారం పక్కింటివాళ్లకు వచ్చిన పెళ్లిపత్రిక మీది ఇంగ్లీషంతా పింకీ గడగడా చదివేసింది. వసంతమ్మ మురిసిపోయి వాడకట్టంతా చెప్పింది. "మా పెద్దదానికి చెప్తుంటే విని ఈ చిన్నది నేర్చుకున్నది చూడుండ్రి." అందరూ వచ్చి చదివించుకున్నారు. మందుసీసా మీది కాగితం, ఫోన్ల మీది మెసేజీలు. బాలమల్లు కూతుర్ని భుజాల మీద ఎక్కించుకున్నాడు. సాహిత్య ఒక మూల కూర్చుని చూసింది. ఆ సంతోషంలో తను ఏం చెప్పినా కుళ్లుకుని చెప్పినట్టే ఉంటుంది.

తను పుస్తకం ముట్టుకోలేకపోయింది. మనసులో చదువుకున్నా, గొంతు దానంతటది లేచి పైకి వచ్చేస్తోంది. పెదవులు గట్టిగా బిగపట్టుకోవాల్సి వచ్చింది.

సోమవారం సాయంత్రం మెట్ల మీద కూర్చుని పింకీ తల దువ్వుతోంది. పొద్దున్నే పరీక్షకు సిటీ బస్సెక్కాలి. పింకీ కాళ్లు ఊపుకుంటూ, వెనక్కి తిరక్కుండా అంది.

"అక్కా, ఆ లోపలి అర్రల మస్తుమంది ఉన్నరు."

దువ్వెన ఆగింది.

"అందరు నీ అంతోళ్లే. అక్కలు, అన్నలు. పుస్తకాలు పట్టుకుని వరసకు కూసున్నరు. ఒక్కరు గూడ తలెత్తలే. ఒక్క కుర్చీ ఖాళీగున్నది."

సాహిత్య దువ్వెన మెట్టు మీద పెట్టింది. "నిన్ను... ఏమడిగిన్రే?"

"మీ అక్క వస్తదా అని అడిగిన్రు."

"నువ్వేమన్నవ్?"

"యెస్ అన్న."

చీకటి పడుతోంది. ఎదురింట్లో ఎవరో లైటు వేశారు.

"ఎప్పుడొస్తదని గూడ అడిగిన్రు" అంది పింకీ. "చెప్పిన."

"ఎప్పుడని చెప్పినవే? పింకీ... ఎప్పుడని?"

లోపల్నుంచి వసంతమ్మ బువ్వకు పిలిచింది. పింకీ సగం జడతోనే లేచి ఉరికింది. సాహిత్య వెనకే పోయి, రెండు భుజాలూ పట్టుకుని, మళ్లీ అడిగింది. మళ్లీ మళ్లీ అడిగింది.

పిల్ల అక్క మొహంలోకి అయోమయంగా చూసింది.

"ఏంది అక్కా? నేనేం చెప్పిన?"