రిలీవర్ రాని డ్యూటీ

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట. ఆసుపత్రి వెనక హాస్టల్ గదిలో కూర్చుని మర్నాటి వర్క్‌షాపుకి స్లైడ్లు తయారుచేసుకుంటున్నాను. మొదటి స్లైడు మీద 'నాయకత్వం అంటే సానుభూతి' అని రాసి, ఆ అక్షరాల రంగు నచ్చక మారుస్తున్నాను. బయట అల్పపీడనం వాన. ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి గాలి కొట్టినప్పుడల్లా డీజిలూ చేపలూ కలిసిన వాసన వస్తోంది.

నా సంగతి చెప్పాలి. పేరు అల్తాఫ్. హాస్టల్ గోడ మీద 'నాయకుడు పుట్టడు, పోరాటంలో తయారవుతాడు' అని ఎర్ర రంగుతో రాసినవాణ్ణి నేనే. వార్డుకి పదిమంది డాక్టర్లు కావలసిన చోట నలుగురే ఉంటే, మిగతా ఆరుగురిని తీసుకోవడం మానేసి, ఉన్న నలుగురికీ నాయకత్వం నేర్పుతామన్నారు మా పెద్దలు. సీనియర్ రెసిడెంట్లలో ఇద్దర్ని చీఫ్ రెసిడెంట్లుగా ఎంచారు. డ్యూటీ చార్టు వెయ్యాలి, జూనియర్ల కష్టాలు వినాలి, వారాంతాల్లో శిక్షణకి వెళ్లాలి. ఇది మోసమని మీటింగులో అరిచాను. మర్నాడు ఒప్పుకున్నాను. లోపల ఉండి మారుద్దామనుకున్నాను. అందరూ అలాగే అనుకుంటారు.

రెండో చీఫ్ జ్యోతిర్మయి. ఆమె అరవలేదు. చార్టు వేసేది.

మా దగ్గర ఒక నియమం ఉంది. తరవాతి డ్యూటీ డాక్టరు, అంటే రిలీవర్, వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టేదాకా వార్డు వదలకూడదు. రెండు నెలల కిందట, జూన్ ఏడున, రాత్రి డ్యూటీ మీద పొద్దుటి డ్యూటీ కూడా చేసిన జ్యోతిర్మయిని మధ్యాహ్నం రెండింటికి రిలీవ్ చెయ్యాల్సింది నేను. బీచ్ రోడ్డు హోటల్లో శిక్షణలో ఉండిపోయి ఫోన్ చేశాను.

"సరేలే నాయకా," అని నవ్వింది. "విప్లవం పూర్తయ్యాక నాకో బిర్యానీ పొట్లం తీసుకురా."

శిక్షణ తరవాత విందు పెట్టారు. అక్కడే ఉండిపోయాను, వార్డుకి వెళ్లలేదు. ముప్పై ఆరు గంటలు చేసి, మర్నాడు ఉదయం, ఎవరి సంతకమూ లేకుండానే ఆమె స్కూటర్ ఎక్కింది. ఇల్లు తగరపువలసలో. అక్కడిదాకా వెళ్లలేదు. హైవే మీద ఆగి ఉన్న లారీ. బ్రేకు వేసిన గుర్తు కూడా లేదన్నారు.

ఆమె ఫొటో పట్టుకుని గేటు ముందు 'ఎనిమిది గంటల పని మా హక్కు' అని నినాదాలిచ్చింది నేనే. ఆ రోజు నేను డ్యూటీకి ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.

స్లైడ్లు పక్కన పెట్టి ఫోన్ తీశాను. గ్రూపులో రాత్రి నేను పెట్టిన చార్టు. స్లైడ్ల హడావుడిలో జ్యోతిర్మయి వేసిన జూన్ చార్టునే కాపీ చేసి తేదీలు మార్చాను. జూనియర్ల పేర్లు మార్చాను. సీనియర్ల వరస అలాగే వదిలేశాను.

ఆదివారం, ఉదయం ఎనిమిది నుంచి రెండు దాకా: డా. జ్యోతిర్మయి. జూనియర్: డా. శ్రీసత్య. రెండు నుంచి: డా. అల్తాఫ్.

శ్రీసత్య కర్నూలు నుంచి వచ్చి పది రోజులైంది. జ్యోతిర్మయి ఎవరో తెలీదు. రాత్రి కూడా డ్యూటీ చేసిన పిల్ల పొద్దుట్నుంచి ముప్పై రెండు మంది రోగులతో ఒంటరిగా... వెంటనే ఫోన్ చేశాను.

"ఒక్కదానివే ఉన్నావా?"

"లేదు సార్." గొంతు పీలగా ఉంది. "మేడమ్ ఉన్నారు కదా. జ్వరంగా ఉందంటే పడుకోమన్నారు. వార్డంతా తనే చూస్తున్నారు."

"ఏ మేడమ్?"

ఆమె గొంతు గుసగుసలోకి దిగింది.

"మీ గురించే అడుగుతున్నారు సార్. రెండింటికి తప్పకుండా వస్తారు కదా అని."

పరుగెత్తాను.

మూడో అంతస్తులో కరెంటు లేదు. జనరేటరు ఐసీయూకే. మబ్బుకి వార్డంతా సాయంకాలంలా ఉంది. ఫ్యాన్లు ఆగిన నిశ్శబ్దంలో దగ్గులు, వాన, ఎక్కడో బకెట్లో పడుతున్న చుక్కలు. తలుపు దగ్గర స్టాఫ్ నర్సు జోగమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"నానొచ్చి పది నిమిసాలే అయింది బాబూ," అంది చిన్నగా. "కేసు సీట్లన్నీ రాసున్నాయి. ఎవులు రాసారో మీరే సూడండి. నానైతే ముట్టుకోను."

ముట్టుకున్నాను. ముప్పై రెండూ. అంత పొందికైన చేతిరాత మా డిపార్ట్‌మెంటులో ఒక్కరిదే. సిరా ఇంకా వేలికి అంటుతోంది.

పక్క మంచం దగ్గర నూకాలు మొగుడి కాళ్లు పిసుకుతోంది. జాలరిపేటలో చేపలమ్ముతుంది.

"ఏటి బాబూ, అలా బిగుసుకుపోనావు? ఆ డాట్టరమ్మ ఇప్పుడే గదా సూసెల్లింది. మీకన్నా నయం, పేరెట్టి పిలిసింది. సేతులే... ఐసు పెట్లోంచి తీసిన సేపల్లాగున్నాయి."

బతుకంతా ఐసులో చేతులు పెట్టిన మనిషి ఆ మాట అంది.

డ్యూటీ గది తలుపు తోశాను. లోపల తడి రెయిన్‌కోటు వాసన. కిటికీ చువ్వకి సెలైన్ సీసా. మంచం మీద శ్రీసత్య. ఒళ్లు కాలిపోతోంది. చేతుల నిండా ఎర్రటి చుక్కలు. డెంగీ! దిండు పక్కన ల్యాబ్ కాగితం. ప్లేట్‌లెట్లు తొమ్మిది వేలు. ఇంకో గంట ఎవరూ చూడకపోయి ఉంటే...

ఎవరో చూశారు. చేతికి సూది పెట్టి, ప్లాస్టరు మీద తేదీ వేశారు.

జూన్ ఏడు.

"జోగమ్మా! ట్రాలీ!"

జోగమ్మ, నూకాలు, ఓ వార్డుబాయి, నేను, నలుగురం కలిసి ట్రాలీ మీదకి ఎక్కించాం. "ర్యాంపు కింద ఐసీయూకి. నేను ఫోన్ చేసి చెబుతాను. దగ్గరే ఉండు, వదలొద్దు."

"మీరు రారా బాబూ?"

రాలేకపోయాను. టేబుల్ మీద రిజిస్టర్ తెరిచి ఉంది. ఇవాళ్టి పేజీ కాదు. జూన్ ఏడు పేజీ. ఆమె పేరు... ఎదురుగా రిలీవర్ సంతకం గడి, ఖాళీగా.

ఐసీయూకి ఫోన్ చేసి చెప్పాను. గడియారం చూశాను. సరిగ్గా రెండు.

వెనక కుర్చీ కిర్రుమంది.

తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. మెడ మీద చల్లటి గాలి... కిటికీ మూసే ఉంది.

"వచ్చావా."

ప్రశ్నలా లేదు. అలిసిపోయిన గొంతు. అంతే.

పెన్ను తీశాను. సంతకం పెట్టాను. పక్కన టైము రాయాలి. 'మధ్యాహ్నం 2' అని రాస్తే చార్టు ప్రకారం అంతా సవ్యంగా ఉంటుంది. ఎన్ని మీటింగుల్లో నిజం నిజం అని బల్ల గుద్దాను... ఒక్క గడిలో రాయడానికి ఇంత కష్టమా?

'రెండు నెలలు ఆలస్యంగా వచ్చాను. తప్పు నాది' అని రాశాను.

కుర్చీ వెనక్కి జరిగింది. తలుపు తెరుచుకుంది. అడుగులు... నెమ్మదిగా వరండాలోకి, ర్యాంపు వైపు. వెళ్లిపోతోంది. గుండెల్లోంచి పెద్ద ఊపిరి బయటికొచ్చింది.

అప్పుడు విన్నాను.

ర్యాంపు మీద దిగుతున్న అడుగులు ఇద్దరివి.

శ్రీసత్య!

ఎలా దిగానో తెలీదు. ఐసీయూ అద్దాల తలుపు తోసుకుని లోపలికి పడ్డాను. మూడో మంచం మీద శ్రీసత్య. మానిటర్ మీద గీత సరిగ్గా లేచి పడుతోంది. ప్లేట్‌లెట్ల సంచీ వేలాడుతోంది. జోగమ్మ ఆమె మణికట్టు పట్టుకుని కూర్చుని ఉంది.

"సెయ్యి వదల్లేదు బాబూ, మీరు సెప్పినట్టే. కదల్నేదు, మెదల్నేదు. బాగానే పడుకుంది."

నాకు ఏడుపొచ్చింది. కాళ్లు చల్లబడ్డాయేమో చూద్దామని దుప్పటి పైకెత్తాను.

అరికాళ్లు తడిగా ఉన్నాయి. వేళ్ల సందుల్లో తారు అంటుకున్న కంకర, హైవే మీద ఉండేలాంటిది.