ధ్యాసకన్ను

చంద్రుడి మీద తెల్లవారడానికి సూర్యుడితో పని లేదు. సొరంగం కప్పుకు బిగించిన దీపాలు మొదట ఎర్రగా, తర్వాత పసుపుగా, చివరికి తెల్లగా వెలుగుతాయి. దాన్నే అక్కడి వాళ్లు పొద్దు పొడవడం అంటారు. ఆ రోజు కూడా అలాగే పొద్దు పొడిచింది. నుదుటికి పట్టీ బిగించుకుని, బరువు చెప్పులు ఈడ్చుకుంటూ హైమావతి వరిమళ్ల దగ్గరికి వచ్చేసరికి మధూలిక అప్పటికే అక్కడ గొంతుకూర్చుని ఉంది.

"తయారైంది మహాతల్లి," అనుకుంది హైమావతి. ఎంత పెందరాళే లేచినా ఈ పిల్ల తనకంటే ముందే ఉంటుంది. అసలు నిద్రపోతుందో లేదో!

"అక్కా, జర ఇటు చూడుండ్రి, పిలకలు ఎంత మంచిగ వచ్చినయో!" అంది మధూలిక తల తిప్పకుండానే. పిలకలంటే వరి మొదట్లోంచి చీలి పైకి లేచే కొత్త కాడలు.

"నీ మడిలో రాక చస్తాయా!"

"మీ మడిల గూడ వచ్చినయక్కా. మీరే చూసుకోలేదు."

హైమావతి గతుక్కుమంది. వంగి చూస్తే నిజమే, తన మడిలోనూ వచ్చాయి. ఆ మాట కూడా ఈ పిల్లే చెప్పాలా అని ఒళ్లు మండింది.

ఒకప్పుడు మధూలికకు కెమెరా పట్టుకోవడం నేర్పింది హైమావతే. టైమ్ ల్యాప్స్‌లో, అంటే విరామ చిత్రణలో, ఆమెను మించినవాళ్లు లేరనుకునే రోజులవి. అగ్గిపెట్టంత యాక్షన్ కెమెరాను ఏ కొమ్మకో, ఏ గోడకో బిగించి, ఇన్ని నిమిషాలకో ఫ్రేము తియ్యమని చెప్పి తన పనికి తాను పోయేది. ఆ ఫ్రేములన్నీ వరసగా కూర్చి ఆడిస్తే నెల రోజుల సంగతి కళ్లముందు గబగబా జరిగిపోయేది. గాజు జాడీలో ఆవకాయ ముక్క ఊరడాన్ని ఆమె అలా తీసిన ఫిల్ము చూసి జనం లొట్టలేశారు. ఆ తర్వాత ఏడాదే మధూలిక ఒక ఫిల్ము తీసింది. నీళ్లలో వదిలిన బతుకమ్మ పువ్వు పువ్వుగా విడిపోవడం, అంతే. అది చూసి జనం ఏడ్చారు. లొట్టలకీ కన్నీళ్లకీ ఉన్న తేడా హైమావతికి ఆ రోజు తెలిసొచ్చింది. అప్పటినుంచి ఆవకాయ అంటేనే ఆమెకు ముద్ద దిగదు.

ఇప్పుడు ఇద్దరినీ తెచ్చి చంద్రుడి మీద పక్కపక్కన కూర్చోబెట్టిన మనిషి డాక్టర్ జిలానీ. కర్నూలాయన. ఆయన కనిపెట్టిన కొత్త కెమెరాకు ఆయనే పెట్టుకున్న పేరు ధ్యాసకన్ను.

"పాత కెమెరాకు గడియారం ఉంది గానీ మనసు లేదు మేడమ్," అని మొదటి రోజే చెప్పాడాయన. "నిమిషానికో ఫ్రేము తియ్యమంటే తీస్తాది. అసలు సంగతి రెండు ఫ్రేముల నడుమ జరిగిపోయినా దానికేం పట్టదు. దీనికి గడియారమే లేదు. మీ ధ్యాసే దీని గడియారం."

చూడడానికి అది నుదుటి మీద కట్టుకునే ఒక పట్టీ, మేలుకున్నంతసేపూ తియ్యకూడదు. మధ్యలో కుంకుడు గింజంత కటకం, అంటే లెన్స్, ఒక గుంటలో ఇరుసు మీద అమర్చి ఉంటుంది. కనుగుడ్డు ఎటు తిరిగితే అదీ అటే తిరుగుతుంది. పట్టీ లోపలి వైపున్న రెండు సెన్సర్లు కంటిపాపనూ, కణత దగ్గర నాడినీ కనిపెట్టుకుని ఉంటాయి. మనసు దేనిమీదైనా నిజంగా లగ్నమైతే పాప వెంట్రుకవాసి విచ్చుకుంటుంది, నాడి లయ మారుతుంది. అప్పుడే ఒక ఫ్రేము పడుతుంది. పరధ్యానంగా గంటలకొద్దీ చూసినా ఒక్కటీ పడదు. ఫ్రేములన్నీ పట్టీలోనే సీలు వేసి ఉంటాయి. కోతల రోజున సీలు విప్పేదాకా కట్టుకున్నవాళ్లు కూడా చూడలేరు, చెరపలేరు. ఫ్రేములు పెరిగేకొద్దీ పట్టీ అంచున ఒక పచ్చగీత మాత్రం కొంచెం కొంచెంగా పొడుగవుతుంది.

సొరంగంలో మరే కెమెరా ఉండకూడదని జిలానీ పట్టుబట్టాడు. పాత కెమెరా ఒకటి ఉంటే అది చూస్తుందిలే అని మనుషులు చూడడం మానేస్తారని ఆయన వాదన. ఇద్దరి ఫిల్ముల్లో మేలైనది చంద్రుడి మీద తొలి వరిపంటకు సాక్ష్యంగా భూమికి వెళుతుంది. దాని మీద ఒక్క పేరే ఉంటుంది. పుస్తకాల్లో ఎక్కేదీ, రేపు పిల్లలు పాఠాల్లో చదివేదీ ఆ పేరే. యాభై దాటిన హైమావతికి ఇలాంటి అవకాశం మళ్లీ రాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, రోజూ పొద్దున్నే గుర్తు చేసుకునేది కూడా.

అందుకే ఆమె ఒక్కపూట కూడా మడి వదల్లేదు. ముఖం వరి వైపు పెట్టి, మెడ బిగబట్టి శిలలా కూర్చునేది. ఇన్నేళ్లూ కెమెరాను బిగించి పక్కకు తప్పుకోవడం అలవాటైన మనిషి, ఇప్పుడు తన తలకాయనే స్టాండుగా నిలబెట్టింది. కటకం పంటకు ఎదురుగా ఉంటే చాలు, మిగతాది అదే చూసుకుంటుందన్న పాత ధీమా ఎక్కడికి పోతుంది? ఇక మనసంటారా, దాని దారి దానిది. ఆ పిల్ల ఆకుల్ని అలా వేలి కొసతో ఎందుకు పక్కకు తీస్తోంది? నీటిబొట్టు దగ్గర అంతసేపు ఏం చూస్తోంది? తనకు తట్టనిది ఆ మొద్దు బుర్రకు ఏం తట్టి ఉంటుంది? వంటాయనతో అంత నవ్వేమిటి, జిలానీ దాన్ని "ఏమ్మా" అని పిలిచే పిలుపులో అంత చనువేమిటి? ఒకటా రెండా, రోజంతా ఇవే లెక్కలు.

అయినా ఆమెను నిలబెట్టిన ఓదార్పు ఒకటుంది. పచ్చగీత.

"అబ్బ, మీ గీత చూడుండ్రక్కా!" అని ఒకరోజు మధూలికే నోరు తెరిచింది. "నాది అండ్ల సగం గూడ లేదు. మీరు ఎట్ల చూస్తరో ఏమో, నాకు గూడ జర నేర్పుండ్రి."

"అది నేర్పితే వచ్చేది కాదమ్మా," అంది హైమావతి. ఆ పూట మాత్రం ఆమెకు అన్నం సయించింది. పక్కమీద వాలినా నవ్వు ఆగలేదు.

కంకులు పొట్టలోంచి బయటికి వచ్చాయి. ఇక మిగిలింది పూత. అది ప్రయోగం కోసమే తయారు చేసిన వంగడం. కంకులన్నీ ఒకే పూట పూస్తాయి. గింజపొట్టు రెండుగా విచ్చుకుని, లోపలి నుంచి లేత పసుపు కేసరాలు బయటికి వేలాడతాయి. కాసేపటికి పొట్టు మళ్లీ మూసుకుంటుంది. ఆ తర్వాత గింజ గట్టిపడాల్సిందే తప్ప అది మళ్లీ తెరుచుకోదు.

సరిగ్గా ఆ పొద్దునే మధూలికకు వైద్యశాల నుంచి రక్తపరీక్షకు పిలుపొచ్చింది. తిండీ నిద్రా లేక కొన్నాళ్లుగా పిల్ల చిక్కిపోయింది. డాక్టరమ్మ మాట కాదనడానికి లేదు.

"అక్కా, ఇయ్యాల్నే పూసేటట్టున్నది," అంది గుమ్మంలో నిలబడి. "పువ్వు విచ్చుకుంటే ఆ గోడకున్న గంట మీట నొక్కుండ్రి. ఉరికొస్త."

"అలాగేనమ్మా, నువ్వెళ్లు."

ఉక్కు తలుపు మూసుకుంది. ఎంతోసేపు కాలేదు, హైమావతి మడిలో ఒక కంకి కొసన పొట్టు విచ్చుకుంది. పక్కది, దాని పక్కది. చూస్తుండగానే రెండు మళ్లూ పసుపు పొడి చల్లినట్టయ్యాయి. మనుషులు పుట్టాక చంద్రుడి మీద పూసిన మొట్టమొదటి వరి!

ఆమె లేచి గోడ దాకా వెళ్లింది. వేలు మీట మీద పెట్టింది. పెట్టి, ఆ వేలును అలాగే వెనక్కి తీసుకుంది. పోటీ అంటే పోటీయే, తానేమీ ఆ పిల్ల కాళ్లు కట్టెయ్యలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. వచ్చి మళ్లీ మడికి ఎదురుగా మెడ బిగించి కూర్చుంది. గుండె మాత్రం దడదడలాడుతూనే ఉంది. పరీక్ష అప్పుడే అయిపోయి ఉంటుందా? ఎవరైనా చెప్పేస్తారా? అదిగో, అడుగుల చప్పుడా? ఆ కాసేపట్లో పచ్చగీత జానెడు పెరిగినట్టనిపించింది ఆమెకు. ఇక గెలుపు తనదే.

మధూలిక రొప్పుతూ వచ్చేసరికి పొట్టులన్నీ మూసుకున్నాయి. ఆ పిల్ల మడి అంచున కూలబడి కంకుల వైపే చూస్తూ ఉండిపోయింది. గంట సంగతి అడగలేదు. అడగకపోవడం కూడా హైమావతికి కంటగింపుగానే తోచింది.

కోతలయ్యాయి. కొత్తబియ్యం అన్నం వాసన భోజనశాలంతా నిండింది. ప్రయోగ కేంద్రంలో ఉన్న పదీ పదిహేను మందీ చేరారు. జిలానీ రెండు పట్టీల సీళ్లూ విప్పి, పచ్చగీత పెద్దది కాబట్టి ముందు హైమావతి ఫిల్మును గోడ మీద ఆడించాడు.

మొదట నాలుగు నారుమొక్కలు కనిపించాయి. ఆ తర్వాత ఒక చెయ్యి. ఆకును పక్కకు తీస్తున్న పడుచు చెయ్యి. తర్వాత ఒక మెడ, దాని మీద మెల్లగా ఊగుతున్న జడ. నీటిబొట్టు మీదికి వంగిన ముఖం. వంటాయనతో నవ్వు. బల్ల మీద తలవాల్చి నిద్రపోవడం. ఎవరో ముందు నవ్వారు, తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. గోడ మీద నెలలు పరుగెడుతున్నాయి. వాటితోపాటే మధూలిక జుట్టు పెరిగింది, బుగ్గలు లోపలికి పోయాయి, కళ్లకింద నలుపు చేరింది. ఎక్కడో ఒక మూల, మసక మసకగా, వరి కూడా పెరిగింది.

పూత పూసిన పొద్దు వచ్చింది. తలుపు. మూసి ఉన్న ఉక్కు తలుపు. మళ్లీ తలుపు. ఫ్రేము మీద ఫ్రేము తలుపే. ఎన్ని ఫ్రేములు పడ్డాయంటే, ఆడుతుంటే ఆ తలుపు ఒణుకుతున్నట్టుంది. కింద అంచున ఏదో పసుపు మరక.

భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది హైమావతికి. అక్కడ మింగడానికి భూమి కూడా లేదాయె.

తర్వాత మధూలిక ఫిల్ము. చిన్నది. పిలకలు, బొట్టు, ఆకు అంచు మీద జారే వెలుగు, కంకి. పూత దగ్గర మాత్రం వైద్యశాల గోడ మీది గడియారం, ఆ వెంటనే మూసుకుపోయిన పొట్టులు. చూస్తున్నవాళ్లు ఊపిరి బిగబట్టారు. హైమావతి మాత్రం వరిని చూడడం లేదు. అందులో తన కోసం వెతుకుతోంది. ఇన్ని నెలలు పక్క మడి దగ్గరే కూర్చున్న మనిషి కదా, ఒక భుజమైనా, చీర కొంగైనా, నీడైనా పడి ఉండదా? ఆఖరి ఫ్రేము దాకా వెతికింది. ఎక్కడా లేదు. తాను ఇంతకాలం చేసిన యుద్ధం సంగతి అవతలి మనిషికి తెలియనే తెలియదు. ఓడిపోయినదానికంటే ఇదే ఎక్కువ మండింది ఆమెకు.

జిలానీ గొంతు సవరించుకున్నాడు. "పంటకు సాక్ష్యంగా మధూలికది పోతాది. పువ్వు లేకపోయినా సరే. ఆ పువ్వు ఎవురికీ దక్కలేదు, ఏం జేస్తాం." అని హైమావతి వైపు తిరిగాడు. "మేడమ్, మీది గూడా పంపిస్తా. మనిషి ధ్యాసను ఇంత ముమ్మరంగా ఇంతవరకూ ఏ యంత్రమూ పట్టలేదు. యాడ చూసినారో నా కెమెరా చెప్తాది. ఎందుకు చూసినారో దానికి తెలీదు, అది మీకే తెలియాల."

అందరూ అన్నాల మీద పడ్డాక మధూలిక వచ్చి హైమావతి పక్కన కూర్చుంది. కళ్లు తడిగా ఉన్నాయి. ఇక కడిగేస్తుంది అనుకుని హైమావతి పళ్లు బిగబట్టింది.

"నన్ను మీరు గింతగనం చూసిన్రని నాకు తెల్వదక్కా," అంది మధూలిక. "మా అమ్మ గూడ గిట్ల చూసి ఉండదు. పువ్వు ముంగట పెట్టుకొని, నేను వస్తనేమో అని తలుపు దిక్కే చూసిన్రు. నా కోసం మీ పువ్వు గూడ పోగొట్టుకున్నరు. నేనేమో మిమ్మల్ని ఒక్కపారి గూడ చూడలె. ఒక్క ఫ్రేము లేదు. సిగ్గయితున్నదక్కా."

హైమావతి ఆ పిల్ల వైపు తిరిగింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. ఒక్క మాటతో అయిపోయేది. కానీ తలదించుకుని కూర్చున్న ఆ పిల్లను చూస్తే, తప్పు చెయ్యకుండానే సిగ్గుపడగలిగే ఆ మనసును చూస్తే, ఆమెకు మళ్లీ అసూయే కలిగింది. ఇదివరకటికంటే ఎక్కువగా కలిగింది.

"ఆ రోజు గంట మీట నొక్కే ఉంటరు," అంది మధూలిక కళ్లు తుడుచుకుంటూ. "నాకే ఇనబడలేదు కావచ్చు. నొక్కిన్రు గదా అక్కా?"

హైమావతి ఆమె తల నిమిరింది.

"నొక్కానమ్మా," అంది. "నువ్వే రాలేదు."