రాతి సింహానికి మొదటి ముద్ద

"మూడు వందల మెట్లమ్మా! నీ మోకాళ్ళు ఏమైపోవాలి?" అన్నాడు శశిధర్ మూడోసారి.

"అందుకే కదరా రానంటున్నాను. మీరు చూసి రండి. నేను బండిలో పడుంటాను," అంది సుభద్రమ్మ, పెరుగన్నం, ఆవకాయ బద్ద డబ్బాలోకి సర్దుతూ.

"ప్రతి ఊళ్ళోనూ ఇదే పాట అత్తయ్యా! ఇటలీ వచ్చి పది రోజులైంది. మీరు చూసింది ఈ బండి కిటికీ ఒక్కటే," అంది కోడలు వాసంతి.

"ఆ కిటికీ కూడా ఎందుకమ్మా నాకు? రేపు నన్ను ఇంటికి విమానం ఎక్కించేస్తామన్నారుగా, ఎక్కించెయ్యండి. నా వల్ల మీ సరదా పాడవడమెందుకు?"

పదకొండేళ్ళ మేదిని గుమ్మంలో కూర్చుని ఇదంతా వింటోంది. వేసవి సెలవులకని విజయనగరం నుంచి వచ్చి వాళ్ళు అద్దెకు తీసుకున్న ఇల్లుబండి అది. అందులోనే వంట, అందులోనే పడక. పడుకోబోయే ముందు నాయనమ్మ చెప్పే కథే ఈ ప్రయాణం మొత్తంలో మేదినికి ఎక్కువ ఇష్టం. రేపటినుంచి ఆ పక్క ఖాళీ.

సుభద్రమ్మ డబ్బా అందిస్తూ, "ఆకలేస్తే తిను. మొదటి ముద్ద మాత్రం..." అంది.

"నోరులేని ప్రాణికి. తెలుసులే నాయనమ్మా!"

ఆ కొండమీది నగరం పేరు మోంతెలూనా. చుట్టూ ఎర్రరాతి కోట, ఏడు బురుజులు. చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా, ఆ ఊరికి పెద్ద కష్టమే వచ్చిపడింది. కోటగుమ్మం దగ్గర అమ్మానాన్నలు పటం విప్పుకుని ఏ దారి దగ్గరో తేల్చుకునేలోపు, ఐస్‌క్రీం అమ్ముతున్న ముసలావిడ మేదినిని పిలిచింది. ఆ ఊరి గాలి మహిమేమో, ఆమె మాట తెలుగులోనే వినిపించింది.

"ఇక్కడ ఫౌంటెన్లు ఎండిపోయి నూరేళ్ళయింది పాపా! పైన ఊరి మధ్య చౌకులో ఒక సింహం ఉండేది. ముసలివాళ్ళను వీపున ఎక్కించుకుని ఈ మెట్లెక్కేది. ఒక పండగనాడు ఊరంతా విందు తిని దాన్ని మరిచిపోయారు. అది అలిగి రాయైపోయింది. నీళ్ళూ దానితోపాటే పోయాయి."

ముసలివాళ్ళను ఎక్కించుకునే సింహం! మేదినికి నాయనమ్మ మోకాళ్ళు గుర్తొచ్చాయి.

"దాన్ని లేపేదెలా అవ్వా?"

"నాకు తెలిస్తే ఎండలో ఐస్‌క్రీం ఎందుకమ్ముకుంటాను? ఆ గోడలో ఉన్న ముఖాన్ని అడుగు."

గోడలోని రాతిముఖం కళ్ళు తిప్పింది. "నా నోట్లో చెయ్యి పెట్టు. అబద్ధాలకోరైతే కొరికేస్తాను," అంది.

మేదిని తటపటాయించింది. "పొద్దున పళ్ళు తోముకున్నానని అమ్మతో అబద్ధం చెప్పాను. ఇప్పుడు నిజం చెప్పేశాను కదా, కొరకవుగా?"

రాతిముఖం ఫక్కున నవ్వింది. ఆ నోట్లో కూరుకుపోయిన ఎండుటాకులన్నీ మేదిని లాగి పారేసింది. "అమ్మయ్య, గొంతు తెరుచుకుంది! సింహానికేం కావాలో అదే చెబుతుంది, వెళ్ళు. మెట్లు మాత్రం లెక్కపెట్టకు. లెక్కపెట్టేకొద్దీ అవి పెరుగుతాయి," అని చెప్పింది ముఖం.

అలవాటు పోతుందా? ఇరవై దాకా లెక్కపెట్టేసరికి పైన కనిపించే గుమ్మం ఆమడ దూరం జరిగిపోయింది. మేదిని నాలుక కరుచుకుంది. లెక్క మానేసి, నాయనమ్మకు ఏమేం చెప్పాలో ఏరుకోసాగింది. కిటికీల్లో ఎర్రపూల కుండీలు. సందుకు అడ్డంగా కట్టిన తాడుమీద ఆరుతున్న మేజోళ్ళు. చర్చి గడపమీద నిద్రపోతున్న పిల్లి. ఏరడం పూర్తికాకముందే మెట్లయిపోయాయి.

ఎండిన ఫౌంటెన్ అంచున సింహం నోరు తెరుచుకుని కూర్చుని ఉంది.

"ఏం తెచ్చావు?" అని రాతిలోంచి గుర్రుమంది. "వచ్చినవాళ్ళంతా ఫొటో తీసుకుంటారు. లేదంటే తిన్నాక మిగిలింది విసురుతారు."

మేదినికి ఆకలి దంచేస్తోంది. అయినా డబ్బా తెరిచి, మొదటి ముద్ద కలిపి, పైన ఆవకాయ బద్ద ఉంచి, దాని నాలుకమీద పెట్టింది.

"నువ్వు తిన్నావా?"

"ఇంకా లేదు. మొదటిది నీకే."

రాయి ఫెళ్ళున పగిలింది. బంగారు జూలు విదిల్చింది సింహం. దాని కళ్ళనుంచి బొటబొటా నీళ్ళు కారాయి.

"ఏడుస్తున్నావా?"

"కారం!" అంది సింహం. కానీ అది ఒక్క కారానికే కాదని మేదినికి తెలిసిపోయింది. ఆ చుక్కలు పడగానే ఊళ్ళో ఫౌంటెన్లన్నీ ఒక్కసారిగా నీళ్ళు ఎగజిమ్మాయి.

మేదినిని ఎక్కించుకుని సింహం దిగివస్తుంటే శశిధర్ చేతిలో పటం జారిపోయింది. సుభద్రమ్మ మాత్రం కోటగుమ్మం పక్కనే ఆపిన బండి దిగి, కొంగు సర్దుకుని, "ఇంత బక్కచిక్కిపోయిందేమిటే ఇది! ఇంకో ముద్ద పెట్టనా?" అంది. సింహం ఆమె ముందు మోకరిల్లింది. ఒకప్పుడు తాతయ్య స్కూటరు వెనక కూర్చున్నట్టే, ఆమె పక్కకు తిరిగి కూర్చుంది. ఎర్రపూలూ, మేజోళ్ళూ, పిల్లీ, ఏడు బురుజుల మీదా వాలిన సాయంకాలపు ఎండా అన్నీ చూసింది.

బండి దగ్గర దింపి, "ఈ కోట దాటి నేను రాలేనమ్మా," అంది సింహం.

మేదిని ముఖం చిన్నబోయింది. రేపటి ఊళ్ళో సింహం ఉండదు. నాయనమ్మ విమానం ఎక్కేస్తుంది.

అందరూ భోజనానికి కూర్చున్నారు. సుభద్రమ్మ మొదటి ముద్ద కిటికీ అంచున పెట్టి, తలెత్తకుండానే మెల్లగా అంది:

"ఆ టికెట్టు రద్దు చేసెయ్యరా శశీ. రేపటి ఊళ్ళో నేనూ దిగుతాను. ఎక్కగలిగినన్ని మెట్లెక్కి అక్కడే కూర్చుంటాను. బండిలో మాత్రం కూర్చోను."